గుండె గదుల్లో – 6: గడువిచ్చిన కుట్టు

గత భాగం బోస్టన్‌లో ఆగింది. 1938 ఆగస్టు 26న రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్, తన పైవాడు విలియం లాడ్ ఊళ్లో లేని అదను చూసుకుని, ఏడేళ్ల పాప ఛాతీ తెరిచి గుండె పక్కన మూసుకోకుండా మిగిలిపోయిన ఒక నాళాన్ని దారంతో బిగించి కట్టేశాడు. ఆ నాళం పేరు డక్టస్. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు. అటు వెళ్లాల్సిన రక్తాన్ని నేరుగా ఒంటికి దాటించే అడ్డదారి ఈ డక్టస్. పుట్టి ఊపిరి పీల్చాక ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే మూసుకుపోవాలి. ఆ పాపకు మూసుకోలేదు, గ్రాస్ మూశాడు. పాప బతికింది, గ్రాస్ పేరు మార్మోగింది. ఆ డక్టస్ మూసుకుపోవడం వల్లే చచ్చిపోతున్న పసివాళ్లు వేరే ఉన్నారు. ఈ భాగం వాళ్లది.

1944 చివరి నెలల్లో మన విశాఖపట్నం యుద్ధపు నీడలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసి పోయిన భయం ఇంకా వదల్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఇవాళ అపార్ట్‌మెంట్లతో, రైతు బజారుతో, గురుద్వారా జంక్షన్ రద్దీతో కిటకిటలాడే మా సీతమ్మధార అప్పటికి ఊరి బయటి కొండవాలు. వైద్యమంటే మహారాణిపేట దగ్గరి కేజీహెచ్చే. 1923లో తెరిచిన ఆ ఆసుపత్రికి ఇటు శ్రీకాకుళం వైపు నుంచీ, అటు ఒరిస్సా కొండల నుంచీ జనం బళ్ల మీద, రైళ్ల మీద వచ్చేవారు.

ఆ వచ్చినవాళ్లలో పెదాలు నీలంగా ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి ఉండి ఉంటే ఆమెకు ఏం దొరికేదో ఊహించడం కష్టం కాదు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గరగర విని, పుట్టుకతో గుండెలో లోపం ఉందని చెప్పగలిగేవాడు. చెప్పడం వరకే. కేజీహెచ్‌లోనే కాదు, లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఆ రోజుకు ఇంతకుమించి చేయగలిగింది లేదు. అసలు ఆసుపత్రి దాకా వచ్చేవాళ్లే తక్కువ. పాలు తాగుతూ తాగుతూ బిడ్డ నీలం తిరిగితే పక్షిదోషం అనుకున్నారు. డొక్కలెగరేస్తే పొట్ట మీద వాతలు పెట్టారు. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు. ఆ ఇళ్లలో ప్రేమ తక్కువై కాదు. చేతిలో ఉన్నది అదొక్కటే. ఆ వాతల మచ్చలు ఉన్న పిల్లలు చాలా ఏళ్ల తర్వాత కూడా మన ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు.

నీలం తిరిగే ఈ జబ్బును మార్సెయిల్స్ నగరంలో ఆర్థర్ ఫాలో అనే ఫ్రెంచి వైద్యుడు 1888లో విడమరిచి రాశాడు. నాలుగు లోపాలు ఒకచోట కలుస్తాయి. గుండె కింది గదుల మధ్య గోడకు చిల్లు. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు. ఒంటికి మంచి రక్తం మోసే బృహద్ధమని ఆ చిల్లు మీదికి జరిగి ఉండటం. ఇరుకు దారిలోంచి నెట్టీ నెట్టీ కుడివైపు గది కండ మందమెక్కడం. దీన్నే డాక్టర్లు టెట్రాలజీ ఆఫ్ ఫాలో అంటారు. ఊపిరితిత్తులకు చేరాల్సిన చెడు రక్తం అటు పోలేక, చిల్లులోంచి మంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పెదాలు, గోళ్లు, నాలుక నీలమవుతాయి. వేళ్ల కొనలు ఉబ్బుతాయి. నాలుగడుగులు పరుగెత్తిన పిల్లవాడు ఆట మధ్యలో ఆగి గొంతుక్కూర్చుంటాడు. అలా కూర్చుంటే కాళ్లలోకి పోయే రక్తానికి అడ్డు పడి, ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ రక్తం మళ్లుతుంది. ఆ ఉపాయం పిల్లవాడికి ఎవరూ నేర్పరు. ఒళ్లే నేర్చుకుంటుంది.

ఇలాంటి పిల్లలను బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి పిల్లల విభాగంలో, 1930 నుంచి రోజూ చూస్తున్న స్త్రీ ఒకరున్నారు. హెలెన్ టాసిగ్. తండ్రి హార్వర్డ్‌లో పేరున్న అర్థశాస్త్రవేత్త. పదకొండో ఏట తల్లి క్షయతో పోయింది. చిన్నప్పుడు అక్షరాలు తారుమారయ్యే ఇబ్బందితో చదువు గగనమైంది. వైద్యం చదువుదామంటే హార్వర్డ్ ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఆ పట్టా ఇచ్చేది కాదు. హాప్‌కిన్స్‌కు వచ్చి 1927లో డాక్టరైంది. తీరా గుండె వైద్యంలో అడుగుపెట్టాక వినికిడి పోవడం మొదలైంది. చెవులతో పని చేసే శాస్త్రంలో చెవులు లేని మనిషి ఏం చేస్తుంది? టాసిగ్ వేళ్లతో వినడం నేర్చుకుంది. బిడ్డ ఛాతీ మీద చేయి ఆనించి, లోపలి ప్రకంపనలను వేలికొసలతో పట్టేది. ఎక్స్‌రే తెర ముందు పసిపిల్లలను అటూ ఇటూ తిప్పి గుండె నీడ ఆకారాన్ని గంటల తరబడి చూసేది. చనిపోయిన పిల్లల గుండెలను తెరిచి, బతికుండగా తాను రాసుకున్న గుర్తులతో పోల్చుకునేది.

అలా చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. ఒకే రకం లోపమున్న ఇద్దరు పసివాళ్లలో ఒకడు కొన్నాళ్లు బాగానే ఉండి, ఉన్నట్టుండి నల్లబడి చనిపోతున్నాడు. ఇంకొకడు నెట్టుకొస్తున్నాడు. నెట్టుకొచ్చినవాడి ఛాతీలో డక్టస్ ఇంకా తెరిచే ఉంది. చనిపోయినవాడికి అది మూసుకుపోయింది. ప్రకృతి పొరపాటున వదిలేసిన ఆ అడ్డదారే ఇరుకైన అసలు దారికి బదులు ఊపిరితిత్తులకు రక్తం అందిస్తోంది. అయితే, మూసుకుపోయినవాళ్లకు అలాంటి దారి మనమే ఎందుకు కట్టకూడదు?

ఈ ప్రశ్న తీసుకుని టాసిగ్ వెళ్లింది గ్రాస్ దగ్గరికే. డక్టస్‌ను మూసిన చేయి దాన్ని కట్టనూ గలదని ఆమె ఆశ. గ్రాస్‌కు ఆ ఆలోచన రుచించలేదు. తాను పేరు తెచ్చుకున్నది ఆ నాళాన్ని మూసి. దాన్ని కొత్తగా పుట్టించమని అడగడం ఆయనకు విడ్డూరంగా తోచింది. ఖాళీ చేతులతో ఆమె బాల్టిమోర్ తిరిగొచ్చింది. ఆ ఒక్క నిరాకరణతో ఈ చరిత్రలో బోస్టన్ పేరు ఉండాల్సిన చోట బాల్టిమోర్ పేరు వచ్చి కూర్చుంది.

1941లో హాప్‌కిన్స్ సర్జరీ విభాగానికి అధిపతిగా ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ వచ్చాడు. జార్జియా రాష్ట్రం వాడు. దెబ్బలు తగిలి రక్తం పోయినవాళ్లు షాక్‌లోకి వెళ్లి ఎందుకు చనిపోతారో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తేల్చినవాడు. ఆ పరిశోధన యుద్ధంలో ఎందరో సైనికుల ప్రాణాలు నిలిపింది. హాప్‌కిన్స్ ఉద్యోగం ఒప్పుకునేటప్పుడు బ్లేలాక్ ఒక షరతు పెట్టాడు. తనతో పాటు తన ప్రయోగశాల మనిషి కూడా రావాలి. ఆ మనిషే వివియన్ థామస్.

థామస్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఈ కథలో ఎక్కువకాలం మరుగున ఉన్న పేరు ఆయనదే. 1910లో లూసియానాలో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. కొడుకూ ఆ పనే నేర్చాడు. డాక్టరు కావాలని వడ్రంగం చేసి కూలి డబ్బు కూడబెట్టుకున్నాడు. 1929 ఆర్థిక సంక్షోభంలో పని పోయింది. 1930 ఫిబ్రవరిలో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఏదో ఒక పని దొరికితే చాలనుకుని బ్లేలాక్ ప్రయోగశాలలో చేరాడు. కొన్ని నెలలకు డబ్బు దాచుకున్న బ్యాంకూ మునిగింది. ప్రయోగశాలలో మాత్రం చేరిన కొద్ది రోజుల్లోనే ప్రయోగాలు తనే నడిపే స్థాయికి వచ్చాడు. అయినా జీతాల పుస్తకంలో ఆయన హోదా ఊడ్చే పనివాడిగానే ఉంది, ఆ జీతమే ఇచ్చారు.

బాల్టిమోర్‌లో పరిస్థితి ఇంకా కటువు. హాప్‌కిన్స్‌లో నల్లవాళ్లంటే ఊడ్చేవాళ్లూ మోసేవాళ్లే. తెల్లకోటు వేసుకున్న నల్లమనిషి నడవాలో నడుస్తుంటే జనం ఆగి చూసేవారు. నల్లవాళ్లకు అద్దె ఇల్లు దొరకడమే గండం. వచ్చే జీతం ఇల్లు గడవడానికి చాలక, థామస్ కొన్ని సాయంత్రాలు బ్లేలాక్ ఇంటి విందుల్లో పానీయాలు పోసే పనికి కుదిరేవాడు. పగలు ఏ యువ డాక్టర్లకు తాను రక్తనాళాలు కుట్టడం నేర్పాడో, సాయంత్రం వాళ్ల గ్లాసులే నింపేవాడు. చదువు చేతికందే దూరంలో ఆగిపోయిన మనిషి నేర్పు మీద పెద్దవాళ్ల పేర్లు నిలబడటం మనకూ తెలియని సంగతి కాదు. అందుకే ఈ మనిషి కథ తెలుగువాళ్లకు ఇంకా దగ్గరగా తగలాలని నా నమ్మకం.

టాసిగ్ ఆలోచన విన్నప్పుడు బ్లేలాక్‌కూ థామస్‌కూ పాత ప్రయోగం ఒకటి గుర్తొచ్చింది. నాష్‌విల్‌లో ఉండగా, ఊపిరితిత్తుల్లో రక్తపు పోటు పెంచి చూద్దామని కుక్కల ముందు కాలికి వెళ్లే ధమనిని తెంచి ఊపిరితిత్తుల ధమనికి అతికించారు. అనుకున్న ఫలితం రాక దాన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడు టాసిగ్ అడుగుతున్న దారి అచ్చంగా అదే. పూడిపోయిన కాలువకు పక్క కాలువ నుంచి బోదె తవ్వి నీళ్లు మళ్లించే రైతు పని లాంటిది ఇది. అసలు కాలువ పూడిక అలాగే ఉంటుంది, చేను మాత్రం ఎండిపోదు.

చెప్పినంత తేలిక కాదు చేయడం. ముందు కుక్కల్లో నీలం తిరిగే జబ్బును కృత్రిమంగా తెప్పించాలి. తర్వాత దాన్ని ఆ కుట్టుతో తగ్గించి చూపాలి. థామస్ దాదాపు రెండేళ్లు, సుమారు రెండు వందల కుక్కల మీద పని చేశాడు. పసిబిడ్డ నాళాలకు సరిపోయే పరికరాలు బజారులో లేవు. పెద్ద సూదులను తెగ్గోసి, అరగదీసి తనే చేసుకున్నాడు. పట్టుకార్లను సన్నని నాళం నలగకుండా మార్చుకున్నాడు. వడ్రంగి చేతుల నేర్పు అక్కడ అక్కరకొచ్చింది. ఈ ఆపరేషన్ తట్టుకుని చాలాకాలం బతికిన కుక్క పేరు అన్నా. దాని చిత్రపటాన్ని హాప్‌కిన్స్‌లో గోడకు తగిలించారు. ఇదంతా జరుగుతుండగా బ్లేలాక్ ఈ కుట్టును స్వయంగా వేసి చూసినట్టు చెప్పేది ఒక్కసారే, అదీ థామస్ పక్కనుండగా.

ఇంకా సాధన కావాలనుకుంటున్న సమయంలో ఐలీన్ శాక్సన్ అనే పాప పరిస్థితి విషమించింది. పదిహేను నెలల వయసు, బరువు నాలుగు కిలోలకు కాస్త పైన. మన లెక్కలో రెండు నెలల బిడ్డ బరువు. ప్రాణవాయువు గుడారంలోంచి బయటికి తీస్తే ఊపిరి అందదు. మత్తు విభాగం అధిపతి ఈ బిడ్డకు మత్తు ఇవ్వనన్నాడు, తట్టుకోదని. మెరెల్ హార్మెల్ అనే యువ డాక్టరు ఒప్పుకున్నాడు. 1944 నవంబరు 29న బల్ల మీదికి తెచ్చారు. గదిలోకి వచ్చాక బ్లేలాక్ చేసిన మొదటి పని, థామస్‌ను పిలవమని చెప్పడం. థామస్ వచ్చి బ్లేలాక్ వెనక ఒక ముక్కాలిపీట మీద నిలబడ్డాడు. కుట్టు సరిగా పడుతోందా, సూది ఏ వైపు నుంచి గుచ్చాలి అని బ్లేలాక్ అడుగుతుంటే, భుజం మీదుగా చూస్తూ థామస్ చెబుతూ వచ్చాడు. ఎదురుగా సాయం చేస్తున్న వాళ్లలో డెంటన్ కూలీ అనే కుర్ర డాక్టరు కూడా ఉన్నాడు. ఈయన పేరు రాబోయే భాగాల్లో పెద్దదవుతుంది.

గుండెను ఆపలేదు. గుండెను ఆపి దాని పని తాను చేసే యంత్రం అప్పటికి లేదు. కొట్టుకుంటున్న గుండె పక్కనే, పాప ఎడమ చేతికి వెళ్లే ధమనిని తెంచి, కిందికి వంచి, ఊపిరితిత్తుల ధమని పక్కకు అతికించారు. చేయి చచ్చుబడిపోదు. చుట్టుపక్కల చిన్న నాళాలు విస్తరించి దానికి రక్తం అందిస్తాయి. పాప బతికింది. కొన్ని వారాల్లో రంగు మారింది, బరువు పెరిగింది. కానీ కొన్ని నెలలకు నీలం మళ్లీ తిరగబెట్టింది. రెండోసారి ఆపరేషన్ చేశారు. రెండేళ్లు నిండకముందే ఐలీన్ చనిపోయింది. తొలి విజయంగా చరిత్ర చెప్పే ఈ బిడ్డకు దక్కింది కొన్ని నెలల గడువు మాత్రమే. ఆ కొన్ని నెలలూ లేకపోతే మిగతా పిల్లల తల్లిదండ్రులెవరూ సంతకం పెట్టేవారు కాదు.

1945 ఫిబ్రవరిలో మరో ఇద్దరు పిల్లలకు చేశారు. అందులో రెండోవాడు ఆరేళ్ల పిల్లవాడు. పట్టుకార్లు వదలగానే, బల్ల మీద ఉండగానే, నేరేడుపండు రంగులో ఉన్న పెదాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ క్షణం చూసిన వాళ్లు జీవితాంతం దాన్ని చెప్పుకున్నారు. 1945 మే నెలలో ఈ ముగ్గురి వివరాలతో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వ్యాసం వచ్చింది. పేర్లు రెండే, బ్లేలాక్, టాసిగ్. థామస్ పేరు ఎక్కడా లేదు.

తర్వాత వార్తాపత్రికలు అందుకున్నాయి. నీలి పిల్లలను ఎత్తుకుని దేశమంతటి నుంచీ, తర్వాత సముద్రాల అవతల నుంచీ తల్లిదండ్రులు బాల్టిమోర్ చేరారు. 1951 నాటికి ఆపరేషన్ల లెక్క వెయ్యి దాటింది. 1947లో బ్లేలాక్, టాసిగ్ లండన్ వెళ్లి గైస్ ఆసుపత్రిలో పిల్లలకు చేసి చూపించారు. పోటీ కూడా మొదలైంది. షికాగోలో విల్లిస్ పాట్స్ 1946లో వేరే దారి పట్టాడు. చేతి ధమనితో పని లేకుండా బృహద్ధమనినీ ఊపిరితిత్తుల ధమనినీ పక్కపక్కన పెట్టి కిటికీ తెరిచి కుట్టాడు. బ్లేలాక్, టాసిగ్‌ల మధ్య కూడా చల్లగా లేదు. ఆలోచన ఎవరిది, చేయి ఎవరిది అన్న పోరు వాళ్లిద్దరి మధ్య కడదాకా సాగింది. ఇద్దరూ గొప్పవాళ్లే. అయినా ఆ తగవులో మూడో మనిషి ఊసే రాకపోవడం నాకు మింగుడుపడదు. హాప్‌కిన్స్ థామస్ చిత్రపటాన్ని 1971లో ఆవిష్కరించింది. 1976లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. ఇప్పుడిప్పుడే సర్జన్లు ఈ ఆపరేషన్‌ను బ్లేలాక్–థామస్–టాసిగ్ షంట్ అని రాస్తున్నారు. నేనూ ఇకపై అలాగే రాస్తాను.

ఇక్కడిదాకా చదివిన వారికి ఒక అనుమానం రావాలి. ఈ కుట్టు లోపాన్ని బాగు చేసిందా? చేయలేదు. చిల్లు చిల్లుగానే ఉంది, ఇరుకు ఇరుకుగానే ఉంది. బిడ్డ పెరిగి, గుండె పెద్దదై, అసలు ఆపరేషన్ తట్టుకునే వయసు వచ్చేదాకా నిలబెట్టింది. దీన్నే ఉపశమన శస్త్రచికిత్స అంటారు. పూర్తిగా నయం చేయని ఆపరేషన్ ఎందుకని అడిగేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు. నా తీర్పు వేరు. గుండె తెరిచి లోపల బాగు చేయడం ఎవరికీ రాని రోజుల్లో ఈ పిల్లలు బతికి ఉండటం వల్లే, ఆ విద్య వచ్చిన రోజున దాన్ని అందుకోవడానికి వాళ్లు మిగిలారు.

మొదట్లో ఇది కాస్త పెద్ద పిల్లల ఆపరేషన్. పుట్టిన వారం లోపు బిడ్డకు చేతి ధమని దారప్పోగంత ఉంటుంది. కుట్టినా గడ్డకట్టి మూసుకుపోయేది. పాట్స్ కిటికీ పసివాళ్లకు పనికొచ్చింది కానీ, అది బిడ్డతో పాటు పెరిగి ఊపిరితిత్తులను రక్తంతో ముంచెత్తేది. అసలైన పురిటి బిడ్డల కాలం 1970లలో వచ్చింది. డక్టస్ మూసుకోకుండా పట్టి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందును 1975 ప్రాంతంలో న్యూజిలాండ్‌లో, కెనడాలో నీలి శిశువులకు ఇచ్చి చూశారు. డ్రిప్పు పెట్టిన కాసేపటికే బిడ్డ రంగు మారింది. ముప్పై ఏళ్ల కిందట టాసిగ్ వేళ్లతో పట్టుకున్న రహస్యానికి ఇప్పుడు సూదిమందు దొరికింది. అర్ధరాత్రి చేయాల్సిన గత్తర ఆపరేషన్, బిడ్డను స్థిమితపరిచి మర్నాడు చేసుకునే ఆపరేషన్ అయింది. 1981లో లండన్‌లో మార్క్ డి లెవాల్ బృందం చేతి ధమనిని తెంచకుండా, మధ్యలో గోర్‌టెక్స్ అనే మెత్తని కృత్రిమ గొట్టం వేసే పద్ధతిని స్థిరపరిచింది. ఇవాళ మన దగ్గర డాక్టరు బిడ్డ తండ్రితో ముందు షంట్ వేద్దాం, పెద్ద ఆపరేషన్ తర్వాత చూద్దాం అంటే ఈ గొట్టం గురించే. ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువైపోయే లోపాలకు దీనికి తలకిందులైన పని. ధమని చుట్టూ పట్టీ బిగించి ప్రవాహం తగ్గిస్తారు. అది 1952లో మొదలైంది.

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి ఆసక్తిగా ఉంటుంది. టాసిగ్ దగ్గర చదువుకోవడానికి ఇక్కడి నుంచి ఆడడాక్టర్లు వెళ్లారు. కమలా వైతిలింగం హాప్‌కిన్స్‌లో ఆమె దగ్గర నేర్చుకుని వచ్చి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో గుండె విభాగం నిలబెట్టారు. శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి కూడా అక్కడే నేర్చుకుని 1953లో ఢిల్లీ చేరి ఉత్తరాదిన గుండె వైద్యానికి పునాది వేశారు. వేలూరికే 1940ల చివర్లో అమెరికా నుంచి రీవ్ బెట్స్ వచ్చి ఛాతీ సర్జరీ విభాగం మొదలుపెట్టారు. వేలూరు తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా విడిపడే వరకు ఆ సీమ చాలా భాగం ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. విశాఖ నుంచి కాట్పాడి దిగి అక్కడికి వెళ్లే కుటుంబాల ప్రయాణం ఇప్పటికీ ఆగలేదు. ట్రంకు పెట్టె, కిరసనాయిలు పొయ్యి, వండుకోవడానికి గిన్నెలు, అవతల భాష తెలిసిన ఒక చుట్టం. గుండెజబ్బు బిడ్డ వైద్యమంటే మన ఇళ్లలో చాలాకాలం ఇదే అర్థం. అప్పు పుట్టని వాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు.

డబ్బు అనే ఈ గోడకు రెండు చోట్ల గండి పడింది. 1991 నవంబరు 22న అనంతపురం జిల్లా పుట్టపర్తిలో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి ఆసుపత్రి గుండె ఆపరేషన్లకు డబ్బు తీసుకోలేదు. రెండోది 2007 ఏప్రిల్ 1. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు ఉన్న ఇంటి బిడ్డకు కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్. ఆ జాబితాలో షంట్ కూడా ఉంది. దానికి ముందు రెండు మూడేళ్లుగా ముఖ్యమంత్రి సహాయనిధి కోసం గుండెకు చిల్లు పడిన పిల్లలను ఎత్తుకుని తల్లులు సచివాలయం చుట్టూ తిరిగిన దృశ్యాలే ఈ పథకానికి దారితీశాయి. ఎవరు ఏ పార్టీ వాళ్లయినా, ఆ తల్లుల నడకను ఈ చరిత్రలో రాయకుండా వదలలేం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి ఇలాంటి లోపాలు పట్టే పని చేపట్టింది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆసుపత్రి తెరిచింది.

తిరుపతి మన ఊరికి ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇదే ఇప్పటికీ మిగిలిన చిక్కు. వెయ్యి మంది పుట్టే చోట సుమారు ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాళ్లలో కొందరికి పుట్టిన మొదటి వారమే గడువు. డక్టస్ తెరిచి ఉన్న ఒకటి రెండు రోజులు బిడ్డ గులాబీ రంగులోనే కనిపిస్తుంది. ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేస్తారు. మూడో రోజో నాలుగో రోజో నీలం తిరుగుతుంది. పాడేరు మీది గూడెంలో అది జరిగితే డోలీ, తర్వాత అంబులెన్సు, తర్వాత ఘాట్ రోడ్డు. సీతమ్మధారలో జరిగితే కేజీహెచ్‌కు ఆటోలో పావుగంట. ఇద్దరు బిడ్డల గుండెలూ ఒకటే. పుట్టి ఇరవై నాలుగు గంటలయ్యాక కుడిచేతికీ ఒక పాదానికీ క్లిప్పు తగిలించి ప్రాణవాయువు శాతం చూస్తే ఇలాంటి లోపాలు చాలావరకు దొరుకుతాయి. ఆ చిన్న యంత్రం కోవిడ్ తర్వాత మన మందుల షాపుల్లో కూడా దొరుకుతోంది. ప్రతి ప్రసూతి వార్డులో ఇంటికి పంపేముందు ఈ పరీక్ష తప్పనిసరి కావాలి. ఇది ఖర్చు మాట కాదు. పట్టింపు మాట.

వచ్చే భాగంలో మినియాపోలిస్ వెళ్దాం. 1954లో వాల్టన్ లిల్లీహై అనే సర్జన్, బిడ్డ రక్తనాళాలను ఇంకో మనిషి రక్తనాళాలకు కలిపి, ఆ మనిషి గుండెతోనే బిడ్డను బతికించి ఉంచి, లోపలి చిల్లు మూశాడు. ఫాలో చెప్పిన నాలుగు లోపాలనూ మొదటిసారి పూర్తిగా సరిచేసిన రోజున, ఆ పిల్లవాడి కోసం పక్క బల్ల మీద పడుకున్నవాడు చుట్టరికం ఏమీ లేని ఒక రోడ్డు పనివాడు. అక్కడి నుంచి 1961 వేలూరుకు, మన దేశపు తొలి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ల దగ్గరికి వస్తాం.

ఈలోగా ఒక మాట. చిన్నప్పుడు వేలూరులోనో మద్రాసులోనో గుండె ఆపరేషన్ అయి, చంక కింద పక్కటెముకల వెంట పొడుగు మచ్చ ఉండి, ఆ వైపు చేతిలో నాడి సరిగా అందనివారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, అది పాత షంట్ గుర్తు కావచ్చు. ఆ చేతిలో బీపీ చూస్తే తప్పు లెక్క వస్తుంది. ఆ సంగతి ప్రతి డాక్టరుకూ ముందే చెప్పండి. ఒంట్లో బాగున్నా ఏడాదికోసారి గుండె డాక్టరుకు చూపించుకోవడం మానకండి.